కాపలావాడి వంతు

పెరుంగుడిలో మూడో అంతస్తు. ఏసీకి
వేళ్ళు కొంకర్లు పోయే రాత్రిళ్ళు
నా పని ఒక్కటే, ఆటని విరగ్గొట్టడం.
గోడలోంచి నడిచి చూస్తాను,
తూటాల్లేని తుపాకీ పేలుస్తాను,
శవాన్ని తలుపుకి అడ్డం పెట్టి తలుపు వేస్తాను.
ఎక్కడ పగిలితే అక్కడ ఒక నంబరు వేసి
పైకి పంపుతాను.

ఆట, ఆ టీవీ సీరియల్‌దే.
తమిళంలో తీసి తెలుగులోకి దించితే
మా సూళ్ళూరుపేటలో స్టౌ కట్టేసి మరీ చూసిన నేరాల కథ.
ఇప్పుడు దాన్ని గళ్ళుగా కోశాం.
కాసిమేడు గోడౌను: పద్దెనిమిది గళ్ళ పొడవు, పన్నెండు వెడల్పు.
ఇన్‌స్పెక్టరుకి మూడడుగులు, ఒక కాల్పు.
తర్వాత వాళ్ళ వంతు.
తగిలే అవకాశం అరవై అయిదు శాతం అని
ఎదుటివాడి తల మీద పచ్చగా రాసుంటుంది.
చిన్నప్పుడు రైల్వే ప్లాట్‌ఫారం మీద
బొగ్గుతో గీసి పులిజూదం ఆడేవాళ్ళం.
మేకకి శాతం ఉండేది కాదు.

మొదటి మిషన్‌లోనే కాపలావాడు చస్తాడు.
సీరియల్లో చచ్చాడు గనక.
ఒప్పందం పద్నాలుగో పేజీ:
మూలకథలో మరణించినవారు మరణించవలెను.

అరుపుల రికార్డింగుకి ఆయన్నే పిలిపించారు.
చెంగల్రాయుడు. సాలిగ్రామం. డెబ్భై ఒకటి.
రెండు బస్సులు మారి వచ్చాడు, చేతిలో టిఫిన్ డబ్బా.
"ఏ ఊరు నైనా మీది?" అన్నాడు నన్ను చూసి.
గాజు గదిలో మైకు ముందు నిలబడి
పదకొండు రకాలుగా చచ్చాడు.
దూరం నుంచి తూటా. దగ్గర్నుంచి తూటా.
కత్తి. మెట్ల మీంచి పడటం.
ఊపిరాడకపోవడం, దీని తర్వాత మాత్రం నీళ్ళడిగాడు.
ఆఖరిదానికి చప్పుడే లేదు,
పెదవులు విడ్డాయి, అంతే.
ఇంజనీరు మళ్ళీ చెయ్యమన్నాడు.
"అలాగే పోతారు బాబూ, చూసినా నేను."

టీ తాగుతూ తెర మీద తన బొమ్మ చూసుకున్నాడు.
"మీసం బాగా పెట్టినారే. వీడి వంతెప్పుడు?"
వీడికి వంతు లేదండీ, అన్నాను.
డ్రమ్ములూ, తాడుచుట్టలూ, వీడూ ఒకటే లెక్క.
ఆయన నొచ్చుకోలేదు.
"మా వీధికి నీళ్ళ లారీ వస్తాది.
మనిషి లేకున్నా వరసలో బిందె ఉంటే చాలు,
వంతు పోదు."
కాసేపాగి అన్నాడు:
"ఆ షూటింగులో తెల్లార్లూ నిలబెట్టినారు.
కాపలావాడు కూర్చోకూడదంట.
కుర్చీ మాత్రం పక్కనే, ఫ్రేముకి అందమని."
నాలుగువందలిచ్చారట. అందులో ఏజెంటుకి వంద.

కుర్చీ ఇప్పుడూ ఉంది.
పదకొండో వరస, నాలుగో గడి.
మలర్‌విళి సీరియల్ ఆపి ఆపి చూసి
ఉన్నదున్నట్టు గీసింది,
విరిగిన కాలికి కట్టిన కొబ్బరితాడుతో సహా.

నిన్న రాత్రి రెండున్నరకి ఒక పగులు దొరికింది.
తొలి వంతులో ఎవర్నీ కదపకుండా,
ఎవర్నీ కాల్చకుండా,
ఉత్తినే వంతు ముగిస్తే
అవతలివాళ్ళూ కదలరు.
లోపలెక్కడో లెక్క సున్నాతో భాగించుకుని నోరు తెరుస్తుంది.
ఎవరి పేరూ లేని ఒక వంతు మిగిలిపోతుంది.
అప్పుడు కాపలావాడి తల మీద
రెండు చుక్కలు వెలుగుతాయి. రెండడుగులు.
కుర్చీకి రెండే గళ్ళు.

కూర్చోవడం అతనికి రాదు,
ఆ కదలిక మేం గీయలేదు.
కుర్చీలోకి మోకాళ్ళ దాకా దిగబడి
నిలబడే ఉంటాడు, వీపులోంచి లాఠీ పొడుచుకొచ్చి.
అయినా కుర్చీ చాటు కింద లెక్కేమో,
అతని మీదికి తిప్పిన తుపాకీ
సున్నా శాతం చూపిస్తుంది.

నంబరు వేశాను, నాలుగువేల నూట పదిహేడు.
తీవ్రత అన్న గడిలో ఏం రాయాలో తెలీక
అలాగే వదిలేశాను.
కింద రోడ్డు మీద ట్యాంకరు బ్రేకు కీచుమంది.
మలర్‌విళికి మెసేజీ పెట్టాను:
కూర్చునే కదలికకి ఎన్ని గంటలు?
నిద్రపోతుందనుకున్నాను.
జవాబొచ్చింది వెంటనే:
మూడు.
చేతులు ఒళ్ళో పెట్టనా, మోకాళ్ళ మీదా?